పద్నాలుగో నంబరు

ఒరాన్‌లో, స్టేడియం వెనక సందులో,
హాస్టల్ నేలమాళిగలో నావి ఐదు యంత్రాలు.
రెండు పనిచేస్తాయి. మూడోది మూలుగుతుంది.
మిగతా రెంటి మీద సబ్బు డబ్బాలు పేర్చుకున్నాను.

పదిహేడు నిండని పిల్లలట, పన్నెండు దేశాల వాళ్లు.
జెండాలు నాకు గుర్తుండవు,
అన్నిట్లోనూ అవే రంగులు చోటు మార్చుకుని కూర్చుంటాయి.
మురికిని బట్టి చెబుతాను.
మోకాళ్ల దగ్గర గడ్డి పసరుంటే ట్యునీషియా,
జారిపడి మరీ బంతి లాక్కుంటారు.
ఒక పక్కంతా మట్టయితే కొమొరోస్ గోల్‌కీపర్,
కుడివైపుకే దూకుతాడు పాపం.
చొక్కా చేతికి ముక్కు తుడుచుకునేది ఏ దేశమో చెప్పను,
వాళ్ల కోచ్ మర్యాదస్తుడు.

నా కిటికీలోంచి ప్రాక్టీసు చేసేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి.
కాళ్లన్నీ ఒకటే. అరుపులే వేరు.
ఇటివ్వు, ఇప్పుడే ఇవ్వు అనే కదా అందరి గోలా?
మొరాకో వాడు దాబా అంటాడు,
ట్యునీషియా వాడు తవ్వా,
ఇరాక్ పిల్లాడు హస్సా,
ఈజిప్టు వాడు దిల్‌వక్తీ అని ముగించేలోపు
బంతి ఎవడో ఎగరేసుకుపోతాడు.
ఒకటే భాష అంటారు మాది.
నిన్నకి ఇంచుమించు అందరిదీ ఒకే మాట.
ఇప్పుడుకి మాత్రం ఊరికొకటి.
మా ఒరాన్‌లో ఏమంటామో నన్నెవరూ అడగలేదు.

సోమవారం రాత్రి మౌరిటేనియా మూటలో
పచ్చ చొక్కాలు ఇరవై రెండు, తెల్లది ఒకటి.
యెమెన్ వాళ్లది. వీపున పద్నాలుగు.
ఆటయ్యాక మార్చుకున్నారన్నమాట,
టీవీలో పెద్దాటగాళ్లు చేసినట్టు.
పెద్దాటగాళ్లకి పెట్టెల నిండా చొక్కాలు.
వీళ్లకి మనిషికి రెండు,
అవి లెక్కరాసిన పుస్తకం ఒకటి,
ఆ పుస్తకం చంకలో పెట్టుకు తిరిగే మనిషొకడు.

యెమెన్ మూట విప్పాను.
అడుగున, మేజోళ్ల మధ్య కుక్కి, దొంగసొత్తులా,
పచ్చది. దాని వీపునా పద్నాలుగే.

ఎవడి చొక్కా వాడికి చేర్చడం నా పని.
చేర్చాను కూడా.
కాకపోతే అంతకుముందు
మూలిగే యంత్రం పక్కనున్న తొట్టిలో
రెంటినీ కలిపి నానేశాను.
ముప్పై ఏళ్లుగా ఉతుకుతున్నదాన్ని,
తెలుపునీ పచ్చనీ కలపకూడదని
నాకొకరు చెప్పాలా?
నీళ్లు వేడివేడిగానే పోశాను.

తెల్లారి యెమెన్ పుస్తకం మనిషి ముతహ్హర్
చొక్కాని దీపానికి అడ్డంపెట్టి చూశాడు.
పొట్ట దగ్గర ఒక చారికె,
పుచ్చకాయ తొక్క లోపలి రంగు.
"జులీఖా ఖాలా, ఏంటిది?"
సర్కారు సబ్బు, నాయనా, అన్నాను.
వాడు పుస్తకంలో ఏదో రాశాడు,
కాసేపు చూసి కొట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే మౌరిటేనియా వాళ్ల ప్రయాణం.
బస్సు హారన్ మోగుతుండగా
మెట్లమీద ఒక కుర్రాడు, సిదాతీ అట పేరు,
మడమకి కట్టుతో.
తెల్లది ఏదని నోటితో అడగలేదు.
తన పచ్చ చొక్కా తీసుకున్నాడు,
తిరగేశాడు, కుట్ల వెంట వేలు పోనిచ్చాడు,
దేనికోసమో వెతికాడు.

తెలుపు పచ్చకి అంటదు.
ఆ సంగతి నాకు తట్టలేదు సుమా.
చేతిలో ఏమైనా పెడదామని చూస్తే
బట్టల క్లిప్పులున్నాయి. రెండిచ్చాను.
నవ్వాడో లేదో, మెట్లు చీకటి.

శుక్రవారం యెమెన్ కూడా ఓడింది.
మూట వచ్చింది, చెమట బరువుతో.
పద్నాలుగుని విడిగా తీసి రుద్దాను.
చారికె పోలేదు.
గట్టిగా రుద్దలేదులే.