ఇతర వివరములు

దర్గా కూడలిలో దస్తగిరి జిరాక్సు అంగడి.
బయట ఎండ, లోపల కాగిన మిషను వాసన.
పేరు టి. మోహనవల్లి అని కొట్టినాడు.
బీకాం, రెండో తరగతి అని కొట్టినాడు.
తమిళం మాట్లాడను వచ్చు, తెలుగు రాయను కూడా వచ్చు,
అదీ కొట్టినాడు.
'ఇతర వివరములు' దగ్గరికొచ్చేసరికి
వేళ్ళు పైకెత్తి నా పక్క తిరిగినాడు.
"అది రాసేదా, వద్దా మే?"

అదంటే ఏదో మా ఇద్దరికే తెలుసు.

ఏడేండ్లుగా ఆదివారం ఆదివారం
గిరింపేటలో మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని
నేను రాసే రెండు పేజీలు.
ఎవురూ రాయమనలా. ఎవురూ వద్దనలా.
నీవా ఏట్లో నీళ్ళు పారిన మూడు రోజుల గురించి ఒక వారం.
బస్టాండులో పూలు మూరేసే ఆమె
మోచెయ్యి పొట్టిదని జనం గొణుక్కునేదాని గురించి ఒక వారం.
మా పెద్దమ్మ తమిళంలో తిట్టి
తెలుగులో ఏడ్చేదాని గురించి ఒక వారం.
ఇరవై కాపీలు. సంతపేటలో, కోర్టు కాడ, టీ అంగట్లో.
ఇరవై అడిగితే దస్తగిరి ఇరవై ఒకటి తీస్తాడు.
ఒకటి మరక పడిందంటాడు.

ఉద్యోగం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో,
తూకం కాడ గుమస్తా.
పోయిన జూన్లో నేను రాసింది ఆ గేటు గురించే.
తోతాపురి ట్రాక్టర్లు మూడు రాత్రులు వరసలో నిలబడింది,
పైకాయ బరువుకి కిందికాయ చితికి
తారు మీదికి తీపి కారింది,
ట్రాలీ కింద పడుకున్న చెంగల్రాయులు
నిద్రలో కూడా టోకెను పిడికిట్లో పట్టుకునుండేది,
టన్నుకి ఇంత తరుగు అని
పాలు లేవని చెప్పినంత నిమ్మళంగా చెప్పిన గొంతు.
అంతా రాసినా. కింద నా పేరు రాసినా.

ఇప్పుడా గొంతు పక్కనే
కుర్చీ అడుగుతా ఉండా.

రాస్తే,
ఈ పిల్ల కండ్లు తెరుచుకోని కూర్చుంటాదని వాళ్ళకి తెలుస్తాది.
రాయకుంటే
ఏడేండ్ల ఆదివారాలు నేను నిద్రపోయినట్టు లెక్క.
అబద్ధమా అంటే కాదు.
ఫోటోలో పంటి సందు కనపడకుండా
పెదాలు మూసి నవ్వినట్టు.

"పుస్తకాలు చదువుట, అల్లికలు అని వేస్తా" అన్నాడు దస్తగిరి.
"అందరికీ అదే వేస్తా. ఏ పుస్తకమని ఎవురూ అడగరు."
నాకు అల్లికలు రావు.
వచ్చునని కొట్టినాడు.

మేనేజరు కాగితం చూసినాడు, నన్ను చూసినాడు,
నడిమి వేలు మీద పెన్ను ఒత్తి
కాయ కాసిన చోట చూసినాడు.
"ఇదేంది?"
"కుట్టుసూది సార్."
తల ఊపినాడు. కాగితంలో అల్లికలుండాయి కదా.
ఒక అబద్ధం ఇంకో అబద్ధానికి సాక్ష్యం చెప్పేది
అంత దగ్గిర్నుంచి చూడ్డం నాకదే మొదలు.

సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ వారం మూడు వందల అరవై రెండు బండ్లు.
బరువు చదువుతా, బరువు రాస్తా,
తరుగు గడిలో వాళ్ళు చెప్పిన అంకె వేస్తా.
అద్దానికి అవతల ఒకాయన తలగుడ్డ తీసి దణ్ణం పెట్టినాడు,
నాకు కాదు,
నా చేతిలో పెన్నుకి.

ఆదివారం మిద్దెక్కినా.
రెండు పేజీలనుకుంటే ఐదైనాయి.

దస్తగిరి నిలబడే చదివినాడు.
మిషను మూత ఎత్తినాడు.
చివరి పేజీ అద్దం మీద బోర్లించబోయి ఆగి,
అడుగున నా పేరు మీద బొటనవేలు పెట్టి,
"ఇది ఉంచేదా, వద్దా మే?"

బయట ఆటో ఒకటి అదే పనిగా హారను కొడతా ఉంది.
"తీసెయ్" అన్నా.
పేరునా, వేలునా అని
ఆయన అడగలా.
నేనూ చెప్పలా.
ఆ పాత మిషను పచ్చగా
ఇరవై ఒక్కసారి మెరిసింది.