వెనక ఎడమ

థండర్ బేలో ఫిబ్రవరి. సున్నాకి ఇరవయ్యారు కింద.
వ్యాను తలుపు మూడోసారికి గాని పడలేదు.
ఉర్హో గారి గుమ్మంలో బూట్లు విప్పి
ఉన్ని మేజోళ్ళతో లోపలికి నడిచాను,
భుజాన వైరు చుట్ట, చంకలో రిసీవరు,
నెలల పిల్లాడంత బరువు, అంతకంటే చల్లన.

టీవీ వెనక్కి దూరితే
పదిహేనేళ్ళ దుమ్ము, పిల్లి బొచ్చు,
ఎప్పుడో తప్పిపోయిన చదరంగం గుర్రం,
ఎరుపు తెలుపు పసుపు తీగలు
చిక్కు తీసే ఓపిక లేక వదిలేసిన జడలా.
"అన్నీ పీకెయ్!" అని అరిచాడు.
కోపం కాదు.
ముప్పయ్యెనిమిదేళ్ళు రేవులో
ధాన్యం ఎలివేటరు బెల్టుల పక్కన నిలబడ్డ మనిషి,
ఇంకా ఆ మోత మీంచే మాట్లాడతాడు.

పని చిన్నదే.
కేబుల్ పెట్టె నోట్లోంచి వచ్చేది
ముందు రిసీవరు చెవిన వెయ్యాలి.
అది బొమ్మని టీవీకి దాటించి
మాటని తన దగ్గరే ఉంచుకుని
అయిదుగురికి వడ్డిస్తుంది,
మూలన కూర్చుని గొణిగే లావుపాటి ఆరోవాడికి అడుగుది.
టీవీకి తనదంటూ చెప్పుకునేది ఏదైనా ఉంటే
అదే తీగ పట్టుకుని వెనక్కి రావాలి.
ఇదంతా ఆయనకి చెప్పాను.
నా పెదాలనే చూస్తూ తలూపాడు.
అప్పుడేమీ తట్టలేదు నాకు.

రాగి పోగులు మెలిపెట్టి
ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.
ముందు రెండు, టీవీ కింద ఒకటి,
సోఫా వెనక పుస్తకాల అరమీద రెండు.
ఎడమది, ఐలా గారి అల్లిక బుట్ట పక్కన.

పరీక్ష మొదలెట్టాను.
బుస్సుమని ఒకే చప్పుడు
గది చుట్టూ ఒక్కో మూలకీ నడుస్తుంది.
ముందు ఎడమ.
ఉర్హో కళ్ళు మూసుకున్నాడు.
"గొట్టంలో గోధుమ జారుతోంది," అన్నాడు,
"బార్లీ అయితే ఇంత గరుకుండదు."
మధ్య. ముందు కుడి. వెనక కుడి.
వేలు తిప్పుతూ దాని వెంటే వెళ్ళాడు.
వెనక ఎడమ.
వేలు ఆగిపోయింది.
"గింజ ఆగింది. నీ వైరు చూసుకో."

చూసుకున్నాను.
విప్పాను, బిగించాను, వైరు మార్చాను.
కుడిదాన్ని ఎడమకి, ఎడమదాన్ని కుడికి పెట్టాను.
కుడికి వచ్చింది ఏదైనా ఆయనకి పలుకుతోంది,
ఎడమకి వెళ్ళింది ఏదైనా మూగ.
చివరికి అరచేయి ఆనించాను.
గుడ్డ కింద కప్ప గొంతులా
అది కొట్టుకుంటూనే ఉంది.

వంటింటి గుమ్మంలో ఐలా,
చేతిలో కాఫీ కెటిలు.
"మోగుతోంది, ఉర్హో," అంది.
ఆయన టీవీకేసే చూస్తున్నాడు.
"మోగుతూనే ఉంది."

నేను సోఫాకేసి చూశాను.
రెండు గుంటలు. ఆమెది ఎడమవైపుది,
లోతుగా, ఎన్నేళ్ళదో.

"పెడచెవిన పెడుతున్నాడనుకున్నాను,"
ఆయనతో కాదు, నాతోనూ కాదు, కెటిలుతో అంది.
"చెల్లెలు పోయిన రాత్రి కూడా
ఒక మాట అడిగాను.
జవాబు రాలేదని
రెండు నెలలు మాట్లాడలేదు నేను."

రిమోటు నా చేతిలో ఉంది.
మెనూలో ప్రతి స్పీకరుకీ దూరం కొలిచి చెప్పే చోటుంది,
అడుగుల్లో, అరడుగు తేడాతో.
దానికేమని చెప్పను?

ఆమె కెటిలు బల్లమీద పెట్టింది.
అల్లిక బుట్ట ఎత్తుకుని
సోఫా చుట్టూ తిరిగి వచ్చి
గుంట లేని కుడి చివర కూర్చుంది.
అలవాటు లేని చోటు, రెండుసార్లు సర్దుకుంది.
"కాఫీ పోయనా?" అంది, మెల్లిగా, గుసగుసకి కాస్త పైన.
"పొయ్యి. ఎందుకలా అరుస్తావు?" అన్నాడాయన.

హాకీ పెట్టి చూపించాను.
గోలు పడగానే జనం లేచారు,
వెనక నుంచి, కుడి భుజం మీంచి.
ఆయన ఉలిక్కిపడి అటు తిరిగాడు.
అక్కడ ఆమె ఉంది.

నేను బిల్లు రాసుకున్నాను.
వైరు, పద్దెనిమిది మీటర్లు.
పని, రెండు గంటలు.
వెనక ఎడమ స్పీకరు: పరీక్షించాను, లోపం లేదు.