ఐదున్నర రంగు

గ్రిమ్స్‌బీలో తెల్లవారదు,
చేపల వాసన కాస్త పలచబడుతుంది, అంతే.
రేవు పక్క రేకుల ఆఫీసులో
హీటరు ఒక కడ్డీతోనే వెలుగుతుంది.
రెండోది పోయినేడాది పోయింది. ఎవరూ అడగలేదు.

నా పని చెబుతాను.
కాటా దగ్గర నుంచి రోజుకు మూడువందల పన్నెండు చీటీలు,
స్కాన్ అయి, పేరు లేకుండా వస్తాయి.
ఒక్కొక్కటీ తెరవాలి. తేదీ చూడాలి, పడవ పేరు చూడాలి.
పేరు పెట్టాలి. మూయాలి.
బరువు ఎత్తి పక్క పట్టికలో దించాలి.
తెరువు, చూడు, పెట్టు, మూయి, ఎత్తు, దించు.
గానుగెద్దుకైనా నూనె వాసన దక్కుతుంది.
నాకు మణికట్టు నొప్పి దక్కింది.

డోరీన్ ముప్పయ్యొక్కేళ్లుగా ఇక్కడే.
కళ్లజోడు ముక్కు చివర నిలబెట్టి
హాడాక్, కాడ్, ప్లేస్ అంటూ బరువులు చదివేది,
అప్పులవాడు గుమ్మంలో నిలబడి బాకీ చదివినట్టు.
నేను కొట్టేదాన్ని.

జనవరిలో, పడవలు రాని తుఫాను వారం,
పైథాన్‌లో పద్నాలుగు వరుసలు రాశాను.
రాసినదానికంటే తుడిచింది ఎక్కువ.
దీర్ఘం ఒక్కటి జారితే
కాలం కలమైపోయే భాషలో పెరిగినదాన్ని,
కోలన్ ఒక్కటి మరిచినందుకు
యంత్రం అలిగితే తప్పు పట్టలేకపోయాను.

మొదటిసారి నడిపితే
మూడువందల పన్నెండింటికీ ఒకే పేరు పెట్టేసింది.
ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాన్నొకటి మింగి,
చివరికి మిగిలింది ఒక్క చీటీ:
హాలిబట్, నాలుగు కిలోలు.
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.
డోరీన్ ఏమీ అనలేదు.
బీరువా అడుగు నుంచి కాగితాల కట్ట లాగి
బల్ల మీద పడేసింది.
"అందుకే పారెయ్యను" అంది, తర్వాత.
ఆ రాత్రి ఏడింటిదాకా ఆమె చదివింది, నేను కొట్టాను.
అప్పటినుంచి ముందు నకలు తీస్తాను,
ధైర్యం ఆ తర్వాతే.

రెండోసారి
తొమ్మిది సెకన్లు.
టీ సంచీ నుంచి నీళ్లలోకి రంగు దిగకముందే
మా ఉదయం అయిపోయింది.

సంత ఎత్తేశాక ఇంకా తక్కెడ పట్టుకుని
కూర్చున్నవాళ్లలా తెర వైపు చూస్తున్నాం ఇద్దరం.
"హైమా, మేనేజరుకు చెబుతావా?"
నేను చక్కెర కలిపాను. చాలాసేపు కలిపాను.
ఆ వారమంతా ఆమె చేతులు
బల్ల మీద ఏదో వెతుకుతూనే ఉన్నాయి.

మిగిలిన ఆ గంటన్నరలో
పేజీ కట్టడం మొదలుపెట్టాను.
పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె.
చేపల రేవుకు ఇది కొత్తా?
తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి,
ఐసు గది తలుపులాగే.
ఒక్క బటన్‌ని నడిమధ్యకు తేవడానికి రెండు రోజులు.
ఎడమ గోడకు వీపు ఆనించి
ఎంత బతిమాలినా కదల్లేదు.
మూడోరోజు తనంతట తానే వచ్చి నిలబడింది,
ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

ధరల పేజీ అది. ఏ పడవ, ఏ చేప, ఎంత.
డోరీన్ కళ్లజోడు అక్కర్లేనంత
పెద్ద అక్షరాలు.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు
"బటన్ నీలం ఎందుకు?" అంది.
మరి ఏ రంగు?
కిటికీ వైపు గడ్డం ఎత్తింది.
"అదిగో. ఐదున్నరకి రేవు."

నాకు తెలిసిన పేర్లన్నీ ఆ నీళ్ల మీద పరిచి చూశాను.
పావురాయి రంగు. కాదు, ఇది ఇంకా తడి.
నీరుకావిలో ఎరుపెక్కువ.
సీసం దగ్గరగా వచ్చింది కానీ లోపల దీపం లేదు.
యంత్రానికి పేర్లతో పని లేదు,
ఆరు గుర్తులు చాలు.
ఒకటి మారిస్తే ఒక మబ్బు తప్పుకుంటుంది.
ఆమె కిటికీ దగ్గర నిలబడి
"ఇంకాస్త. ఇంకాస్త. అబ్బే, వెనక్కి" అంటోంది.
బరువులు చదివిన గొంతే,
బాకీ లేదు అందులో.

నేను కొడుతున్నాను.

ఇంతలో బయట వెలుతురు పడి
రంగు కాస్తా మారిపోయింది.
"రేపు" అంది డోరీన్, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి.
"ఐదుంపావుకే రా."