నొక్కొద్దు

మా సెయింట్ జాన్ లోయలో అట్టు తిరగెయ్యరు.
బక్‌వీట్ పిండి, పసుపుపచ్చగా, జారుగా.
పెనం మీద ఒకవైపే కాలి
ఒళ్ళంతా కళ్ళు తెరుస్తుంది.
ప్లోయ్ అంటాం దాన్ని.
వెన్న రాసి, చుట్ట చుట్టి, కోడి పులుసులో ముంచుకు తింటాం.
మా అమ్మ ఒర్తాన్స్ అనేది:
"కళ్ళున్నదాన్ని బోర్లా పడుకోబెడితే పాపంరా, రొజేర్."

అరవై రెండేళ్ళు
ఆ ఒక్క పాపం మాత్రం చెయ్యలేదు.

మార్చిలో ఓ రాత్రి పదకొండింటికి
ప్రభుత్వ ఆఫీసు మనిషి ఒక పిల్లని తెచ్చింది.
బ్రిన్లీ. ఎనిమిదేళ్ళు.
ఒక సంచి. ఎడమ బూటుకి లేసు లేదు.
"కొన్నాళ్ళకే" అంది, సంతకాలు పెట్టించుకుంటూ.
ఎన్నాళ్ళకో రాయాల్సిన గడి
ఖాళీగా ఉంది.

మూడు రోజులు పిల్ల నోరు విప్పలేదు.
ప్లోయ్ పెడితే మడిచి, మళ్ళీ మడిచి,
తపాలా బిళ్ళంత చేసి
పళ్ళెం అంచున అతికించింది.
నాలుగోనాడు ఫ్రిజ్ మీద ఒక కాగితం.
ఒకదాని మీద ఒకటి ఏడు గుండ్రాలు,
నెత్తిన నలుచదరపు వెన్న,
బాణం గుర్తు పక్కన ఒకే మాట:
లావుగా.

నేను మంచు తోసే లారీ నడుపుతాను.
ముందు పన్నెండడుగుల ఇనపరేకు.
ఎత్తుగా ఏది కనపడినా
చదును చేస్తే గానీ జీతం రాదు.
లావు చెయ్యడం నాకెక్కడొచ్చు?

పెట్రోలు బంకు పక్క హోటల్లో ఆర్లీన్‌ని అడిగాను.
చేతులు తుడుచుకోకుండానే చెప్పింది:
"మైదాలో చిలికిన మజ్జిగ, ఒక గుడ్డు, కాస్త సోడా.
పది చుట్లు తిప్పి చెయ్యి తీసెయ్.
ఉండలుంటాయి. ఉండనీ.
వాటిని చిదిమావంటే నీ టైరే తిన్నట్టుంటుంది.
తర్వాత పిండిని దాని మానాన వదిలేసి
పది నిమిషాలు నీ పని చూసుకో."
"ఆ వేళప్పుడు నాకేం పని?"
"అయితే ఊరికే నిలబడు. అదే కష్టం."

నిజమే. కష్టమే.
తెల్లారుజామున నాలుగున్నర,
గిన్నెలో పిండి చిన్నగా బుసబుసలాడుతోంది.
గరిటె పట్టుకుని దొంగలా నిలబడ్డాను.
చెయ్యి రెండుసార్లు గిన్నె దాకా వెళ్ళొచ్చింది.

మొదటిది బయట బొగ్గు, లోపల జావ.
రెండోది మా కౌంటీ పటంలా సాగింది,
నది ఒంపుతో సహా.
మంట తగ్గించాను.
మూడోదానికి అంచు మెరుపు పోయింది,
నడుమ బుడగలు లేచి, పగిలి,
పూడకుండా అలాగే ఉండిపోయాయి.
కళ్ళు.
"ఏమనుకోకమ్మా" అని పైకే అని
తిరగేశాను.

ఎలా పొంగిందనుకున్నారు!
ఊపిరి బిగబట్టిన బుగ్గలా.
అంత ఎత్తు చూసేసరికి
నా చెయ్యి ఆగలేదు, అలవాటు,
అట్లకాడ దాని నెత్తి మీదకి

"నొక్కొద్దు."

వెనక, గుమ్మంలో.
వాడక తుప్పుపట్టిన గొంతు.
"నొక్కితే గాలి పోతుంది."

ఎవరు చెప్పారని అడగబోయాను.
ఏ వంటింట్లో, ఎవరి మోచేతి పక్కన
స్టూలెక్కి నిలబడి విన్న మాట అది?
అట్లకాడ గాల్లోనే ఉంచాను.

స్టూలు లాక్కొచ్చింది. చెయ్యి చాపింది.
ఆమె తిరగేసిన మొదటిది సగం పెనం మీద, సగం పొయ్యిలో;
పొగ గంట గోల పెట్టింది;
కిటికీ తెరిస్తే మంచు లోపలికొచ్చి
వెన్న మీద వాలింది.
ఏడు కాలేదు. అయిదే. అవీ పక్కకి ఒరిగాయి.
మేపుల్ పాకం పోశాక ఇంకాస్త ఒరిగాయి.
నాలుగు తింది, మాట్లాడకుండా.

తర్వాత మళ్ళీ స్టూలెక్కి ఒక గరిటె పోసింది.
బుడగలొచ్చాయి. కళ్ళు తెరిచాయి.
అలాగే తీసి నా పళ్ళెంలో వేసింది.
"నీది తిరగెయ్యలేదు."

కింద ఎర్రగా, పైన పచ్చిపిండి.
తిన్నాను. మొత్తం.

లారీ రేడియోలో నా నంబరు పిలుస్తున్నారు.
పిలవనీ.
గిన్నెలో ఇంకో గరిటెడు ఉంది,
ఉండలతో.