చుట్టినవాళ్ళే

గునపం మీద కాయ జారింది.
అంబాజీపేట కొట్లో, తొమ్మిదో వంద ఒలుస్తుండగా.
మోచేతి కింద తెల్లగా ఏదో కనపడి
వెంటనే నెత్తుట్లో మునిగిపోయింది.

అమలాపురంలో కుట్టారు, నరాన్ని కొసకి కొస కలిపి.
చిటికెనవేలూ దాని పక్కదీ
అప్పట్నుంచి నావి కావు.
నిప్పు తగిలినా చెప్పవు.

మందుచీటీ వెనక డాక్టరమ్మ బొమ్మ గీసింది.
"లోపల తీగ, ఇస్సాకూ. దాని మీద కొవ్వు,
లంక పొగాకు చుట్టలా పొర మీద పొర.
తెగిన కాణ్ణుంచి వేళ్ళదాకా తీగ చచ్చిపోయింది.
ఇక ఆ చుట్టంతా చెత్తే. అదుండగా కొత్త తీగ రాదు."
మరెవరు తీస్తారమ్మా?
"చుట్టినవాళ్ళే."

ఇంటికొచ్చేసరికి కాలవ కట్టేశారు.
నడుములోతు బురదలో జనం గుర్రపుడెక్క లాగుతున్నారు.
రాత్రి నిద్రపట్టక
కట్టు కట్టిన చెయ్యి చెవికి ఆనించుకున్నాను.
ఏం వినపడుద్ది?

ఇన్నేళ్ళూ ఒక్కో మూర కాపలా కాసినవాళ్ళు
ఇప్పుడు తాము చుట్టిందాన్ని తామే ముక్కలు చేసి
కడుపులో వేసుకుంటున్నారు.
నేర్చిన పని మర్చిపోయి పిల్లలైపోయారు.
నాలుగు రోజులాగి నెత్తుటి దారంట
తిండిపోతులు దిగుతారట, మిగిలింది ఊడ్చడానికి.
అంతా అయ్యాక, ఆ పాతవాళ్ళే
ఖాళీ గొట్టంలో వరసగా పడుకుని
ఇటు, ఇటు అంటారు.
తీగ వస్తుంది,
రోజుకి బియ్యపుగింజలో సగం మందం.

నేనూ బతుకంతా డొక్క ఒలిచినవాణ్ణే.
ఒలిచింది పీచు మిల్లుకి పోయేది. ఆపైన నాకు తెలీదు.

మా బావమరిది ఏలియా దింపుకెక్కి పడి మూడేళ్ళు.
వాడికీ వస్తారా వాళ్ళు? అడిగాను.
డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది.
"వెన్నులో ఉండేవాళ్ళు వేరు.
అక్కడ చెత్త ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది."
ఆ మాట వాడికింకా చెప్పలేదు.

చర్చికి రంగుకాగితాలు కడుతున్న రోజుల్లో
ఆవిడ నా మణికట్టు మీద వేలితో కొట్టింది.
చిటికెనవేల్లో చీమ!
నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫీజు ఇవ్వడం మర్చిపోయి వచ్చేశాను.

సాయంత్రం ఏలియా కాళ్ళు ఒత్తాను, ఆ చేత్తోనే.
వాడి కాలికి నా వేలు తెలీదు,
నా వేలికి వాడి కాలు తెలీదు.
"ఏంటి బావా, ఇవాళ గట్టిగా ఒత్తుతున్నావ్?" అన్నాడు
నా మొహం చూసి.