ఎలుకల లెక్క

మదీరా దీవిలో కొండలు
సముద్రంలోంచి గోడల్లా నిలువునా లేచాయి.
ఈ లోయలో కోడి కూస్తే పక్క లోయకి తెల్లవారదు.

ఇదలీనా చీకటుండగానే బోనులు ఏరుకుంటుంది
అరటి మడుల గట్ల మీద, కొండకాలువ వెంట.
రాత్రి పెట్టినవి నలభై. పడినవి మూడు.
ఎర వేరుశనగ ముద్ద, కాస్త చేపనూనె.
ఆ వాసన ఆమె చేతుల్ని వదలక
ఆదివారం చర్చికి కూడా వస్తుంది.

"ఎలుకలకు లెక్కలేంటమ్మా" అంటాడు తోట దెల్ఫిమ్.
"ఈ లోయది తినేది నా అరటిపళ్ళు,
ఆ లోయది తినేది మా బావమరిదివి.
ఎలుక ఎలుకే."

లాబ్‌లో, గాజుపలక మీద,
ఊదారంగు తాగి విచ్చుకున్న ఒక కణం.
అవతలి ఖండంలో ఎలుకకి నలభై పుల్లలు.
ఇక్కడ లెక్కపెడితే ఇరవై రెండు.
మళ్ళీ పెట్టింది.
ఇరవై రెండే.
పోయినవి కావు, అతుక్కున్నాయి
కొసకు కొస, రెండు మాటలు ఒక మాటైనట్టు.
సంధి అంటాం మనం:
మధ్యలో ఒక అచ్చు ఎగిరిపోతుంది,
అర్థం మాత్రం చెక్కుచెదరదు.

పక్క లోయలో సంధి వేరే మాటలకు కుదిరింది.
అక్కడి ఆడదీ ఇక్కడి మగదీ జతకడితే
పిల్లలు పుడతాయి, బాగానే పరిగెడతాయి.
వాటి కడుపు పండే వేళకే వస్తుంది చిక్కు:
ఏ మాటని ఎక్కడ విడదీయాలో తెలీక
వ్యాకరణం తడబడుతుంది.

మొదటిది ఏ ఓడలో వచ్చిందో,
ఏ గోధుమ బస్తా చాటున దిగిందో.
దాన్నెవరూ టికెట్టు అడగలేదు.

చిన్న తప్పులు వేరు, అవి అక్షరానివి.
పండులో సున్నా రాలితే పడు.
తల తిరగబడితే లత.
కణం దిద్దుతూనే ఉంటుంది రాత్రింబవళ్ళు
బెత్తం పట్టిన పంతులులా.
చాలా తప్పులకు ఏమీ కాదు. కొన్ని చంపుతాయి.
ఎప్పుడో, పంతులుకి కునుకు పట్టిన చోట,
ఇంతకుముందు లేనిదొకటి కళ్ళు తెరుస్తుంది.

మూడు గర్భాలు జారాక
లిస్బన్‌లో ఒక డాక్టరు ఇదలీనా నెత్తురు లెక్కపెట్టించాడు.
కాగితం మీద నలభై ఐదు.
పద్నాలుగోది, ఇరవై ఒకటోది
చేతులు కలుపుకుని ఒకటైపోయాయి.
"మీలో లోటేమీ లేదు, ఉండాల్సిందంతా ఉంది,
అమరిక మాత్రం వేరు" అన్నాడాయన.
ఆమెకి నవ్వొచ్చింది, అక్కడే, ఆపుకోలేనంత.
ఎలుకల గురించి తను వందసార్లు రాసిన వాక్యమది.
బస్సెక్కాక ఏడ్చింది.

నాలుగోది సలోమె. ఏడేళ్ళు.
బోనులోంచి ఎలుకని తోకపట్టి తీయడం వచ్చు.
కూతురి లెక్క తల్లి చూడలేదు.
చుక్క నెత్తురు, కొన్నాళ్ళ ఓపిక, ఒక మధ్యాహ్నం చాలు.
ఏడేళ్ళుగా ఆ మధ్యాహ్నం తీరిక దొరకలేదు.

ఈవేళ దెల్ఫిమ్ ఇద్దరినీ తోట చివరికి పిలిచాడు.
ఈ అరటికి గింజ లేదు. నరికిన తల్లి పక్కనే పిలక,
పిలకంటే మళ్ళీ ఆ తల్లే.
వాళ్ళ తాత నాటిన మొక్కే
ఇంకా చావకుండా గెలలు వేస్తోంది.
ఆ గుబురులో ఒక్క పిలక ఆకు మీద తెల్లచార,
ఎవరో సున్నం చెయ్యి తుడిచినట్టు.

"తెగులా?"
"కాదు" అంది ఇదలీనా.
"మరి?"
"తప్పు. అక్షరం తప్పు."

"కొట్టేద్దామని కత్తి తెచ్చా."
సలోమె ఆ చారని వేలితో కొలుస్తోంది
మొదలు నుంచి కొసదాకా, నోట్లో ఏదో లెక్క గొణుక్కుంటూ.
"గెల వేస్తుందా ఇది?"
"ఏమో."

దెల్ఫిమ్ కాసేపు మాట్లాడలేదు.
కత్తి గట్టు మీద పెట్టి,
కాలువ అడ్డుపలక ఎత్తి,
నీళ్ళని అటుకూడా మళ్ళించాడు.