ఒకటిన్నర జీబీ

హాస్టల్లో మెట్లు ఇరవై రెండు.
పదకొండో మెట్టు మీద కూర్చుంటే
లైబ్రరీ వైఫై ఒక గీత అందేది.
పన్నెండో మెట్టెక్కితే అదీ లేదు.
ఆ ఒక్క మెట్టు కోసం రాత్రి ఎనిమిదికే
నోట్సులు పరిచి చోటు పట్టేవాళ్లు,
సర్వదర్శనం క్యూ నయం.

నాకు మెట్టుతో పని లేదు.
నాకు దేశమ్మ ఉండేది.

సోమల పక్కన పల్లె.
సెలవుల్లో టమోటా కోతకు పోయిన కూలి
రీచార్జికి దాచుకునేది,
రోజుకు ఒకటిన్నర జీబీ.
"ఎంత కావాల్నో వాడుకో మే,
పన్నెండు దాటితే ఎట్లా సచ్చిపోతాది" అనేది,
పాలు విరిగేలోపల
పక్కింటికో చెంబు పోసినట్టు.

హాట్‌స్పాట్ పేరు: దేశమ్మ సోమల.
పాస్‌వర్డు చెప్పడానికి మాత్రం సిగ్గుపడింది.
వాళ్లింట్లో చనిపోయిన ఎర్రావు పేరు,
వెనక అది మొదట ఈనిన సంవత్సరం.

నా అసైన్‌మెంట్లు, స్కాలర్‌షిప్ ఓటీపీలు,
హాల్‌టికెట్టు, అర్ధరాత్రి అర్థంకాని లెక్కల వీడియోలు
అన్నీ ఆ ఆవు తోక పట్టుకునే
ఒడ్డు చేరినాయి.

సెమిస్టర్ ఫీజుకు ఆఖరి రోజు
సైటు తిరుగుతానే ఉండింది.
నాది సాయంత్రమే పడింది.
తనది పడలేదు.
డేటా అయిపోయిందో, ఖాతాలో తక్కువయిందో
నేను అడగలేదు.
"సర్వర్ బిజీ మే" అంది, పెట్టె సర్దుకుంటా.
ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేను చూసిన సినిమా
ఎంత తినిందో
ఫోన్లో ఇంకా ఉంటుంది లెక్క.
తెరవలేదు.

మొన్న తెల్లవారి ఐదింటికి
బాలాజీ కాలనీ దగ్గర టీ తాగుతుంటే
చేతిలో సెల్లు దానంతటదే వణికింది.
దేశమ్మ సోమల. కనెక్టయింది.

ఎర్ర లైటు ముందర కంపెనీ బస్సు,
సెల్‌ఫోన్లు బిగించే కంపెనీది,
రాత్రి షిఫ్టును దించడానికి పోతా ఉంది.
అద్దాలకు ఆనుకుని నిద్రపోయే తలలు,
అన్నిటికీ అదే నీలం టోపీ.
ఏ తల? వెతికేలోపల అనిపించింది:
హాట్‌స్పాట్ వేసి ఉందంటే
పక్క సీట్లో ఎవరో అడిగుంటారు.
ఆవు పేరు వాళ్లకూ చెప్పుంటుంది,
సిగ్గుపడుతూనే.

పచ్చ లైటు.
మూడు గీతలు. రెండు.
టీ గ్లాసుతో కొంచెం దూరం పరుగెత్తినాను,
సగం ఒలికింది.
ఒకటి.

పాస్‌వర్డు మార్చలేదు మే నువ్వు.